అకిర: పిలుపు ఒకటే, రాత వేరు

నమస్కారం. ఇవాళ్టి వీడియో మొత్తం ఒకే ఒక్క జపనీస్ మగపేరు గురించి. అకిర. ఈ పేరు మనకి మరీ కొత్తేం కాదు. పవన్ కళ్యాణ్ గారి అబ్బాయి అకీరా నందన్ పుణ్యమా అని తెలుగువాళ్ల నోళ్లలో బాగానే నానింది. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకైతే అంతకుముందే దర్శకుడు కురొసవ ద్వారా తెలుసు. కానీ మీ జేబులో ఉన్న ఫోన్ బ్యాటరీ వెనకాల ఒక అకిర ఉన్నాడు, ఇంట్లో పెద్దవాళ్లు రాత్రిపూట వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర వెనకాల ఇంకో అకిర ఉన్నాడు. ఆ సంగతి చాలామందికి తెలీదు. ఇవాళ ఎక్కువసేపు వాళ్ల దగ్గరే ఆగుదాం.

ముందు పలకడం. మనం 'అకీరా' అని సాగదీస్తాం. జపనీస్‌లో మూడూ హ్రస్వాలే. అ, కి, ర. మూడింటికీ సమానంగా సమయం ఇవ్వాలి, అంతే. అక్కడ కూడా హ్రస్వ దీర్ఘాల తేడా మనకున్నంత గట్టిగానే ఉంటుంది. 'ఒజిసాన్' అంటే బాబాయి, మామయ్య వరస. 'ఒజీసాన్' అంటే తాతగారు. ఒక్క దీర్ఘంతో మనిషికి ముప్పై ఏళ్లు పైబడతాయి. 'ర' విషయంలో మాత్రం మనకి ఇబ్బంది లేదు, నాలుక ఒక్కసారి తగిలి వచ్చేస్తే చాలు. ఇంగ్లీషువాళ్లు తంటాలు పడేది అక్కడే.

రెండోది, ఇంటిపేరు. జపాన్‌లో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. నందమూరి తారక రామారావు అన్నట్టే కురొసవ అకిర. ఇంగ్లీషులో రాసేటప్పుడు తిరగేసి 'అకిర కురొసవ' అనడం పాశ్చాత్యుల కోసం చేసుకున్న సర్దుబాటు. 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వం తన పత్రాల్లో రోమన్ లిపిలో రాసినా ఇంటిపేరే ముందు రాస్తోంది. కాబట్టి ఈ వీడియోలో కూడా అదే వరస.

ఇక అసలు విషయం. అకిర అనేది శబ్దం మాత్రమే. జపాన్‌లో పేరు పూర్తయ్యేది కంజి అక్షరంతో, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోదానికీ అర్థం ఉన్న అక్షరంతో. 'అకిర' అని చదవగల అక్షరాలు పది పన్నెండు దాకా సులువుగా దొరుకుతాయి. వెలుగు, స్పష్టత, తెలివి, కీర్తి, ఈ అర్థాల చుట్టూనే తిరుగుతాయి చాలావరకు. ఒకే అకిర అనుకుని వెతికితే మనుషులు కలగాపులగం అయిపోతారు. అదీగాక రోమన్ అక్షరాల్లో ఆ ఒక్క మాటే కొడితే ముందు వచ్చేది మనిషి కాదు, ఓతొమొ కత్సుహిరొ గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, 1988లో దాన్నుంచి వచ్చిన యానిమేషన్ సినిమా. మనిషి కావాలంటే ఇంటిపేరు కలిపి కొట్టాలి, వీలైతే కంజిలోనే కొట్టాలి.

స్క్రీన్ మీద మొదటి అక్షరం చూడండి. ఎడమ పక్క సూర్యుడు, కుడి పక్క చంద్రుడు. రెండూ కలిస్తే వెలుగు. అకిరల్లో బాగా కనిపించే రాత ఇది. మొత్తం 8 గీతలు, అటు 4, ఇటు 4. రాసే వరస ఇలా. ఎడమ నిలువు గీత, పైనుంచి కుడివైపు తిరిగి కిందకి దిగే గీత, మధ్య అడ్డం, చివర్లో కింద అడ్డం. సూర్యుడు అయ్యాడు. తర్వాత చంద్రుడు. ఎడమ గీత కిందకి వచ్చి కొంచెం బయటికి వంగాలి. కుడి గీత చివర లోపలికి చిన్న కొక్కెం. లోపల రెండు అడ్డగీతలు. కొత్తవాళ్లు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, చంద్రుడి అడుగు కూడా మూసేస్తారు. మూయకూడదు. రెండు, సూర్యుణ్ని చంద్రుడంత పెద్దగా రాస్తారు. సూర్యుడు సన్నగా, పొట్టిగా, కొంచెం పైకి ఉండాలి. లేదంటే అది ఒక అక్షరంలా కాకుండా పక్కపక్కన రెండు అక్షరాల్లా కనిపిస్తుంది.

ఈ అక్షరం పెట్టుకున్నవాళ్లలో పెద్ద పేరు కురొసవదే. 1910 మార్చి 23న టోక్యోలో పుట్టాడు, ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. 1950లో తీసిన రషోమోన్‌కి మరుసటి ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ అవార్డు వచ్చింది. ఆయన గురించి ఇంతకంటే చెప్పను, తెలుగులోనే బోలెడంత సమాచారం ఉంది. డ్రాగన్ బాల్ మాంగా గీసిన తొరియమ అకిరదీ ఇదే అక్షరం. 1984 నుంచి 1995 దాకా వారం వారం గీశాడు, 2024 మార్చి 1న పోయాడు.

ఇప్పుడు ఒక తమాషా. 1954లో వచ్చిన మొదటి గాడ్జిల్లా సినిమాలో ఇద్దరు అకిరలున్నారు. తెర మీద కుర్ర హీరో తకరద అకిర. ఆయనది సూర్యచంద్రుల అకిర. తెర వెనక సంగీతం ఇఫుకుబె అకిర. ఈయన అక్షరం వేరు. ఎడమ పక్క అదే సూర్యుడు, కుడి పక్క 'పిలవడం' అనే అర్థం ఉన్న భాగం. మొత్తం 9 గీతలు. షోవా యుగం అని వినే ఉంటారు, ఒక జపాన్ చక్రవర్తి పాలనాకాలానికి పెట్టిన పేరు, 1926 డిసెంబర్ 25 నుంచి 1989 జనవరి 7 దాకా. ఆ షోవాలో మొదటి అక్షరం ఇదే, అక్కడ దీన్ని 'షో' అని చదువుతారు.

యుగానికి పేరు పెట్టక ముందు ఈ అక్షరాన్ని మనుషుల పేర్లలో అరుదుగా వాడేవాళ్లు. షోవా మొదలవగానే జనం ఎగబడ్డారు. షోవా రెండో ఏట పుట్టినవాడికి ఈ అక్షరం పక్కన 'రెండు' చేర్చి షోజి, మూడో ఏట పుట్టినవాడికి 'మూడు' చేర్చి షోజో. అందుకే ఈ అక్షరం కనిపిస్తే చాలు, 1926 తర్వాత పుట్టినవాడని లెక్క కట్టేస్తారు. చాలాసార్లు సరిపోతుంది కూడా. ఇఫుకుబె దగ్గర మాత్రం బోల్తా కొడుతుంది. ఆయన 1914లో హొక్కైదోలోని కుషిరోలో పుట్టాడు. షోవాకి పన్నెండేళ్ల ముందే ఆ పేరు. అక్షరాన్ని చూసి వయసు ఊహించడం సరదాకి బావుంటుంది, రికార్డులో రాయడానికి పనికిరాదు.

ఇఫుకుబె చదివింది సంగీతం కాదు, అటవీశాస్త్రం. గాడ్జిల్లా అరుపు ఏ జంతువుదో అనుకుంటే పొరపాటు. అది డబుల్ బేస్. వయొలిన్ జాతిలో అన్నిటికంటే పెద్ద వాద్యం. దాని తీగలు వదులు చేసి, జిగురు రాసిన తోలు గ్లవ్ తొడుక్కుని వాటి పొడవునా రుద్దారు. ఆ రికార్డింగ్‌ని వేగం తగ్గించి వాడారు. గ్లవ్‌కి జిగురు లేకపోతే చెయ్యి జారిపోయి ఉత్త గరగర వస్తుంది. జిగురుంటే తీగని పట్టుకుంటుంది, వదుల్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ కీచు, ఆ బొంగురు అందులోంచే వస్తాయి.

మూడో అక్షరానికి వద్దాం. ఈ వీడియోకి గుండెకాయ ఇదే. పైన 'నిలబడు' అనే భాగం 5 గీతలు, కింద సూర్యుడు, దాని కింద కూడిక గుర్తులాంటిది. మొత్తం 11. అధ్యాయం, బ్యాడ్జి, చిహ్నం అని అర్థాలు. జపనీస్ వాళ్లు ఫోన్లో తమ పేరు చెప్పేటప్పుడు 'బున్షో నో షో' అంటారు, అంటే 'వచనం అనే మాటలో ఉన్న షో'. ఈ అక్షరాన్ని కూడా 'షో' అని చదువుతారు. ఈ ఒక్క అక్షరం కింద ఇద్దరు మహానుభావులున్నారు. సుజుకి అకిర, ఎందో అకిర.

సుజుకి అనగానే మనకి కారు గుర్తొస్తుంది. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో పనిచేసే కెమిస్టుని అడిగి చూడండి, కారు కంటే ముందు కప్లింగ్ అంటాడు. సుజుకి అకిర 1930లో హొక్కైదోలోని ముకవలో పుట్టాడు. 1979లో హొక్కైదో యూనివర్సిటీలో మియౌర నొరియోతో కలిసి ఈ రియాక్షన్ ప్రచురించాడు. 2010లో హెక్, నెగిషిలతో కలిపి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు. ప్రపంచమంతా ఇంత ధారాళంగా వాడుకోవడానికి అదొక కారణం.

రియాక్షన్ ఏంటంటే, రెండు అణువుల కార్బన్లని ఒకదానికొకటి అతికించడం. ఒక అణువు మీద బ్రోమిన్, అయోడిన్ లాంటిది ఉండాలి. రెండో దాని మీద బోరాన్ ఉండాలి. మధ్యలో రియాక్షన్‌ని నడిపించే పెల్లాడియం కేటలిస్ట్, మామూలుగా ప్రతి 100 అణువులకి 1 నుంచి 5. దీంతోపాటు పొటాషియం కార్బొనేట్ లాంటి బేస్, అంటే క్షారం. కొత్తవాళ్లు తక్కువ అంచనా వేసేది ఈ బేస్‌నే. బోరాన్ తన కార్బన్‌ని ఊరికే వదలదు. బేస్ వచ్చి బోరాన్‌కి అంటుకుని నెగటివ్ చార్జ్ తెస్తేనే ఆ కార్బన్ పెల్లాడియం మీదకి దూకుతుంది. బేస్ మర్చిపోయారంటే రాత్రంతా తిప్పినా రియాక్షన్ కదలదు.

ఇంకో తంటా గాలితో. ఫ్లాస్కులో ఆక్సిజన్ మిగిలిపోతే బోరాన్ అణువులు రెండూ వాటిలో అవే అతుక్కుంటాయి. కావలసిన పదార్థం తగ్గి కవలలు తయారవుతాయి. అందుకే ముందు ద్రావణంలోకి నైట్రోజన్ లేదా ఆర్గాన్ బాగా బుడగలు పట్టించాలి. ఫ్లాస్కు గోడకి నల్లగా మసిలా పడుతోందంటే పెల్లాడియం విడిపోయి లోహంగా మారిపోతోందని. నీళ్లకి మాత్రం భయపడక్కర్లేదు. ఈ పద్ధతి పరిశ్రమలో ఇంతగా నిలబడడానికి నీళ్లుంటే పాడవకపోవడం ఒక కారణం. చివర్లో పెల్లాడియం తీసేయడం ఇంకో పెద్ద పని. నోటి ద్వారా వేసుకునే మందులో అది రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ నిబంధన.

ఇక ఎందో అకిర. 1933లో అకిత జిల్లాలోని పల్లెలో పుట్టాడు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంటే ఆయనకి ఆరాధన. 1957లో సంక్యో మందుల కంపెనీలో చేరాడు. 1966 నుంచి 1968 దాకా న్యూయార్క్‌లో ఉన్నాడు. గుండెజబ్బు అక్కడ ఎంత పెద్ద సమస్యో కళ్లారా చూశాడు. తిరిగొచ్చాక 1971లో ఒక పందెం లాంటి ఆలోచనతో మొదలుపెట్టాడు. బూజులు తమ శత్రు సూక్ష్మజీవుల్ని చంపడానికి వాటి కొలెస్ట్రాల్ తరహా పదార్థాల తయారీని అడ్డుకుంటూ ఉండొచ్చు కదా, అలాంటిదొకటి దొరికితే మనిషికి మందవుతుంది కదా అని. కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన ఎంజైమ్ హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్. దాన్ని ఆపే బూజు కోసం దాదాపు 6,000 సూక్ష్మజీవుల్ని పెంచి, వడగట్టి, పరీక్షించారు.

మొదట దొరికిన సిట్రినిన్ పనిచేసింది, కానీ కిడ్నీలకి విషం. వదిలేశారు. తర్వాత దొరికింది క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యంలో పట్టిన నీలిపచ్చ బూజు, పెనిసిలియం సిట్రినమ్. అందులోంచి 1973లో తీసిందే కాంపాక్టిన్. మొట్టమొదటి స్టాటిన్, అంటే ఈ తరహా కొలెస్ట్రాల్ మందుల్లో మొదటిది. మన దగ్గర బియ్యానికి బూజు పడితే చెత్తకుప్పలోకే కదా.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఎలుకలకి పెడితే కొలెస్ట్రాల్ తగ్గలేదు. ప్రాజెక్టు మూతపడే పరిస్థితి. ఎందుకు తగ్గలేదంటే, మందు పడగానే ఎలుక కాలేయం అదే ఎంజైమ్‌ని ఇంకా ఇంకా తయారు చేసి లోటు పూడ్చేస్తుంది. పైగా తగ్గించాల్సిన చెడ్డ కొలెస్ట్రాల్ ఎలుక రక్తంలో మొదట్నుంచీ తక్కువే. తప్పు మందుది కాదు, ఎంచుకున్న జంతువుది. ఎందో, ఆయన సహోద్యోగి కితనొ కలిసి 1976లో గుడ్లు పెట్టే కోళ్ల మీదకి మళ్లారు. కోడి గుడ్డు నిండా కొలెస్ట్రాలే, అంటే కోడి రక్తంలో కూడా అది దండిగా ఉండాలి కదా. దాణాలో 0.1 శాతం కాంపాక్టిన్ కలిపి 30 రోజులు పెట్టారు. రక్తంలో కొలెస్ట్రాల్ సగం దాకా పడిపోయింది. కోళ్లు తినడం తగ్గలేదు, బరువు తగ్గలేదు, గుడ్లు కూడా మామూలుగానే పెట్టాయి. తర్వాత కుక్కల్లోనూ కోతుల్లోనూ పనిచేసింది.

1978లో ఒసాకా యూనివర్సిటీ ఆసుపత్రిలో పుట్టుకతోనే విపరీతమైన కొలెస్ట్రాల్ ఉన్న రోగికి మొదటిసారి ఇచ్చారు. ఇచ్చిన డాక్టర్ పేరు యమమొతొ అకిర. అవును, ఇంకో అకిర. మొదట పెద్ద డోసు ఇచ్చారు, కండరాలు బలహీనపడ్డాయి. ఆపి, డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. స్టాటిన్ వేసుకునేవాళ్లకి ఇవాళ్టికీ కండరాల నొప్పులుంటే చెప్పమని డాక్టర్లు అడిగేది ఈ దుష్ప్రభావం గురించే. 1980లో కుక్కల పరీక్షల్లో విషలక్షణాలు కనిపించాయని సంక్యో కాంపాక్టిన్‌ని ఆపేసింది. బజారులోకి ముందు వచ్చింది మెర్క్ కంపెనీ లోవాస్టాటిన్, 1987లో. కొలెస్ట్రాల్ నియంత్రణ గుట్టు విప్పినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లోనే నోబెల్ వచ్చింది. ఎందోకి 2008లో వైద్యరంగంలో పెద్దదైన లాస్కర్ అవార్డు ఇచ్చారు. నోబెల్ ఇవ్వలేదు. 2024 జూన్ 5న, 90 ఏళ్ల వయసులో పోయాడు. నోబెల్ కమిటీ ఇంతకంటే పెద్ద అకిరని వదిలేయలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే 11 గీతల అక్షరానికి కుడి పక్కన ఏటవాలుగా మూడు గీతలు చేర్చండి. 14 అవుతాయి. ఇది కూడా అకిరే. కానీ అర్థం 'వెల్లడి చేయడం, గుర్తించి గౌరవించడం'. ఫోన్లో అయితే 'హ్యోషో నో షో', సత్కారం అనే మాటలో ఉన్న షో. కంగారులో ఆ మూడు గీతలు వదిలేస్తే వేరే మనిషి పేరైపోతుంది. లిథియం అయాన్ బ్యాటరీ తయారు చేసిన యోషినొ అకిరది ఈ రాత. 1948లో ఒసాకా పక్కన సుయితలో పుట్టాడు, 1972లో అసహి కసెయ్ కంపెనీలో చేరాడు. సరదా ఏంటంటే, ఆ కంపెనీ పేరులో 'అసహి' అని చదివే మొదటి అక్షరాన్ని మనుషుల పేర్లలో 'అకిర' అని కూడా చదువుతారు.

యోషినొ ముందు కరెంటు ప్రవహించే పాలీఎసిటిలీన్ ప్లాస్టిక్‌తో మొదలుపెట్టాడు. శాస్త్రవేత్త గుడెనఫ్ బృందం రాసిన కోబాల్ట్ ఆక్సైడ్ పేపర్ చూసి, 1983లో రెండూ కలిపి నమూనా చేశాడు. ప్లాస్టిక్ తేలికే, కానీ చోటు ఎక్కువ తినేస్తుంది. అందుకే కార్బన్‌కి మారాడు. 1985కల్లా ఇవాళ్టి బ్యాటరీ ఆకారం వచ్చింది. పాజిటివ్ వైపు అల్యూమినియం రేకు మీద లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. నెగటివ్ వైపు రాగి రేకు మీద కార్బన్. మధ్యలో సన్నని రంధ్రాల పాలీఎథిలీన్ పొర.

ఈ రేకుల ఎంపిక చూడండి. 4 వోల్టులు దాటితే చాలా లోహాలు కరిగిపోతాయి, బంగారమో ప్లాటినమో తప్ప నిలబడవనుకున్నారు. అల్యూమినియం తన మీద తానే ఒక రక్షణ పొర కట్టుకుని తట్టుకుంది. నెగటివ్ వైపు కూడా అదే వాడొచ్చుగా అంటే కుదరదు, అక్కడ లిథియంతో కలిసి మిశ్రమలోహమైపోతుంది. అందుకే అటు రాగి. మధ్య పొర కూడా వట్టి అడ్డుగోడ కాదు. సుమారు 130 డిగ్రీలకి వేడెక్కితే కరిగి రంధ్రాలు మూసుకుంటాయి, అయాన్లు ఆగిపోతాయి.

అంతకుముందు లోహపు లిథియం వాడితే చార్జ్ చేసినకొద్దీ ముళ్లలా పెరిగి పొరని చీల్చి, షార్ట్ అయి అంటుకునేది. యోషినొ తన బ్యాటరీ మీద పెద్ద ఇనుపముద్ద జారవిడిచాడు. ఏమీ కాలేదు. లోహపు లిథియం ఉన్న బ్యాటరీ మీద వేస్తే పేలింది. 1991లో సోనీ బజారులోకి తెచ్చింది, 2019లో యోషినొకి నోబెల్ వచ్చింది.

మిగతావాళ్లని చకచకా చూసేద్దాం. ఫుట్‌బాల్ కోచ్ నిషినొ అకిరది 'ఉల్లాసం' అనే అక్షరం. 1996 ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌ని ఓడించిన జపాన్ జట్టు కోచ్ ఆయనే. జాగ్రత్త, బేస్‌బాల్ ఆటగాడు ఇచిరోలో చివరి 'రో' కూడా ఇదే అక్షరం. ఒంటరిగా ఉంటే అకిర, పక్కన తోడుంటే రో. హరగుచి అకిరది 'రుజువు' అనే అక్షరం పాత రూపం. 2006 అక్టోబర్‌లో గణితంలోని పై (π) విలువని లక్ష అంకెల దాకా 16 గంటలకి పైగా అప్పజెప్పాడు. అంకెల్ని జపనీస్ అక్షరాలుగా మార్చుకుని కథల్లా గుర్తుపెట్టుకునేవాడు. పేరులోనే రుజువున్నా గిన్నిస్ మాత్రం ఆ లక్షని ఒప్పుకోలేదు. వాళ్ల పుస్తకంలోకి ఎక్కింది 2015లో వెల్లూరులో 70,000 అంకెలు చెప్పిన మన రాజస్థాన్ కుర్రాడు రాజ్‌వీర్ మీనా.

మరి జపాన్‌లో పిల్లాడికి అకిర అని పెట్టాలంటే? పుట్టిన 14 రోజుల్లో నమోదు చేయించాలి. వాడుకలో ఉన్న 2,136 కంజి, పేర్లకోసం అదనంగా అనుమతించిన 863, వీటిలోంచే తీసుకోవాలి. లేదా శబ్దాన్ని మాత్రమే రాసే హిరగన, కతకన అక్షరాలు. రోమన్ అక్షరాలు ఒప్పుకోరు. 2025 మే 25 దాకా కుటుంబ రిజిస్టర్‌లో కంజి మాత్రమే ఉండేది, ఎలా చదవాలో అధికారికంగా రాసేవాళ్లు కాదు. ఆ మర్నాటి నుంచి చదివే తీరు కూడా చట్టప్రకారం నమోదవుతోంది. అర్థానికి తలకిందులుగా ఉంటే కుదరదు. 'ఎత్తు' అనే అక్షరాన్ని 'పొట్టి' అని చదువుతానంటే తిప్పి పంపేస్తారు.

మీరు జపనీస్ కంపెనీతో పనిచేస్తుంటే ఒక జాగ్రత్త. విజిటింగ్ కార్డు మీద కంజి చూసి ఊహించకండి. సూర్యచంద్రుల అక్షరాన్నే అకిర కాకుండా ఇంకోలా చదివే మనుషులున్నారు. కార్డు వెనకాల రోమన్‌లో ఉందేమో చూడండి, లేకపోతే మర్యాదగా అడగండి, అడగడం అక్కడ తప్పు కాదు. మనం 'రామారావు గారు' అని సొంత పేరుకి గారు తగిలిస్తాం. వాళ్లు ఇంటిపేరుకి సాన్ తగిలిస్తారు. కాబట్టి యోషినొ సాన్ అనాలి. 'అకిర సాన్' అనేది ఆయన అలా పిలవమని చెప్పాకే.